ఎన్నాళ్ళు సెలవు?

పలాస స్టేషన్లో దిగి బయటికొచ్చిన వాణ్ణి మా ఊరు రెండు ప్రశ్నలు అడుగుతుంది. "ఎప్పుడొచ్చినావు?" అన్నది పలకరింపు మాత్రమే. జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆ వెంటనే వచ్చేదే అసలు ప్రశ్న. "ఎన్నాళ్ళు సెలవు?"

ఇరవై రెండేళ్ళపాటు దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పెద్దపండక్కి నాలుగు రోజులు. పెళ్ళికైతే రెండు. అమ్మ కంటి ఆపరేషనప్పుడు వారం. 2021 ఆగస్టులో ఫలక్‌నుమా దిగి ఆటో ఎక్కినప్పుడు మాత్రం "సెలవు కాదు, వచ్చేశాను" అన్నాను. ఆటో అతను అద్దంలోంచి నన్నొకసారి, పక్కన నిద్రకళ్ళతో తూలుతున్న మా అమ్మాయినొకసారి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర బండి నెమ్మదించినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఉజ్జోగం పోయిందేటి బావూ?"

పోలేదు. నేనే వదిలేశాను. ఆ మాట నమ్మే మనిషి ఆ రోజుకి కాశీబుగ్గలో లేడు. ఊరి లెక్కలో తిరిగొచ్చిన వాడికి నాలుగే కారణాలు. ఉద్యోగం పోవాలి, ఒంట్లో బాగుండకపోవాలి, అప్పులవాళ్ళు తరమాలి, లేదా పెళ్ళాంతో చెడాలి. మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి నాలుగోది కొట్టేశారు. మిగిలిన మూడింటి మీదా మూడు నెలలు చర్చ నడిచిందని తర్వాత మా బావ చెప్పాడు. అప్పుల వైపే మొగ్గు ఎక్కువట.

ఆదివారం సంచికల్లో ఇలాంటి కథలకి ఒక వరస ఉంది. లక్షల జీతం వదిలొచ్చిన ఇంజనీరు, మూడెకరాల డ్రాగన్ ఫ్రూట్, చివర్లో తలపాగాతో ఫొటో. అలాంటివాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు, నాకు తగల్లేదు. నాకు తగిలిన వాళ్ళలో సగంమంది మళ్ళీ రైలెక్కేశారు. మిగిలిన సగంలో నేనొకణ్ణి. నాదీ విజయగాథేమీ కాదు.

మా ఊరంటే రెండు ఊళ్ళు. పలాస రైలు వైపు, కాశీబుగ్గ రోడ్డు వైపు. మున్సిపాలిటీ ఒకటే. 2011 జనగణన నాటికి రెండూ కలిపి 57 వేల పైచిలుకు జనం. హౌరా–చెన్నై లైను మీద మాది ఆంధ్రా ఊరే గానీ, రైల్వే లెక్కలో స్టేషను ఏళ్ళ తరబడి ఒడిశాలోని ఖుర్దారోడ్ డివిజన్ కింద ఉంది. సంతలో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగడం కూడా మామూలే. ఊరికి తూర్పున ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి నుంచి సోంపేట, మందస మీదుగా వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పక్కన సాగే ఇసకనేల. ఉద్యానవనమే అరిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి నీడన జీడి, జీడి పక్కన పనస, సందు దొరికితే మునగ. ఎండాకాలంలో కూడా తోటలోకెళ్తే మెడ మీద చెమట ఆరిపోతుంది.

ఈ పచ్చదనం చూసి మురిసిపోయేవాళ్ళకి తట్టని సంగతొకటుంది. ఇన్ని చెట్లున్నా చాలా ఇళ్ళలో ఒక మనిషి బయటే ఉంటాడు. హైదరాబాదు అపార్టుమెంట్లకి వాచ్‌మన్లుగా కొందరు, గల్ఫుకి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లుగా కొందరు. ఇంటి గుమ్మంలోంచి సముద్రం కనబడే మత్స్యకారులు కూడా వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. అక్కణ్ణుంచి పడవెక్కి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మనవాళ్ళు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటి ముఖం చూడలేదు. నేను వాళ్ళకంటే అదృష్టవంతుణ్ణి. 1999లో బీకాం పట్టా పట్టుకుని వెళ్ళి హైదరాబాదులో ఒక మందుల కంపెనీ లెక్కల విభాగంలో కుదురుకున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. రెండు రోజులు నాన్న ఫోన్ పలకలేదు. మూడోరోజు ఎవరి ఫోన్లోంచో చేసి, "బాగానే ఉన్నాం. సెట్లు నేవు" అని పెట్టేశాడు.

మా తోట కాశీబుగ్గకి పద్నాలుగు కిలోమీటర్లు. పడిన చెట్లని రోడ్డు వెడల్పు మేర కోసి, బస్సు పట్టేటంత దారి చేశారు. తోట గట్టు మీద నిలబడితే పక్క ఊరి గుడి గోపురం కనబడింది. నాకు బుద్ధెరిగాక ఆ గట్టు మీంచి ఆ గుడిని ఎన్నడూ చూళ్ళేదు. మధ్యలో ఎప్పుడూ చెట్లే. మా అరవై నాలుగు కొబ్బరిచెట్లలో నిలబడ్డవి పదకొండు, వాటికీ మొవ్వు మెలిపడి ఉంది. జీడిచెట్లయితే వేళ్ళతో లేచి పక్కకి ఒరిగి పడుకున్నాయి. పడిన సంగతి ఇంకా తెలియనట్టు ఆకులు పచ్చగానే ఉన్నాయి. నాన్న ఒక మాను మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు, కూర్చోమని. ఇద్దరం గుడిని చూస్తూ కూర్చున్నాం.

ఆ డిసెంబరులో అమ్మ ఫోన్ చేసి, మీ నాన్న మొక్కలు నాటుతున్నాడురా అని చెప్పింది. మా దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. దారిలో పడాలంటే పదేళ్ళు. ఆయనకి అప్పటికి డెబ్భై ఒకటి. రమ్మని ఆయన అనలేదు, రావాలా అని నేను అడగలేదు. కానీ ఆ రాత్రి కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో పడుకుని డెబ్భై ఒకటికి పది కలిపి చూసుకున్నాను. లెక్కల గుమాస్తాని కదా.

నాకంటే ఏడాది ముందు వచ్చినవాళ్ళ కథ వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక లారీల మీద వచ్చారు, నడిచొచ్చారు, మే నెల నుంచి శ్రామిక్ రైళ్ళలో వచ్చారు. నేను వచ్చేసరికి వాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. నా క్లాసుమేటు ఒకడు ఖతార్‌లో రిగ్గరు. వచ్చి, ఇక కదలనని ఒట్టుపెట్టుకుని, కాశీబుగ్గలో చికెన్ పకోడీ బండి పెట్టాడు. పకోడీ బ్రహ్మాండంగా ఉండేది. ఎనిమిది నెలల్లో మూసేశాడు. "ఇక్కడ అందరూ సుట్టాలేరా. సుట్టాల్ని డబ్బులెలగడుగుతాం?" అన్నాడు. ఇప్పుడు మళ్ళీ ఖతార్‌లోనే ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఇక్కడ మనకి తెలిసినోడు ఒక్కడు నేడు. సుఖంగా ఉంది."

వాడి బండిని చూసి నవ్విన నేను చేసిన ఘనకార్యం వినండి. పలాస జీడిపప్పుని ఇంటర్నెట్లో పెట్టి, మధ్యలో దళారీ లేకుండా హైదరాబాదు, బెంగళూరు ఇళ్ళకి పంపాలనుకున్నాను. పక్కన నూరు జీడి బట్టీలుండగా ఈ ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదా అని కాలరెగరేశాను కూడా. జీడిపప్పులో గుండుది ఒక ధర, బద్దది ఒక ధర, ముక్కది ఒక ధర. గుండులోనూ పౌనుకి ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి నంబర్లుంటాయి. 240 అంటే పెద్ద గుండు, 320 అంటే ఇంకాస్త చిన్నది. నేను మొదటి ఆర్డర్లు నలభైకి 240 గుండు కొని, అందమైన కాగితం సంచుల్లో కట్టి పంపాను. వారంలో ఫోన్లు మొదలయ్యాయి. కొరియరు వాళ్ళు విసిరిన విసురుకి గుండంతా బద్దలైంది. వానాకాలం తేమకి మెత్తబడింది కూడా. నాకు సరుకమ్మిన షావుకారు దగ్గరికెళ్ళి మొరపెట్టుకుంటే ఆయన కడుపుబ్బ నవ్వాడు. "గుండు డబ్బులిచ్చి బద్దలు అమ్మిన వ్యాపారివి నువ్వొక్కడివే బాబూ. మేం బద్దల్నే గుండుగా అమ్ముదామని సూస్తాం." ఆ పైన జాలిపడి తన లెక్కల పుస్తకాలు చూసే పని ఇచ్చాడు. ఇప్పుడు అలాంటి పుస్తకాలు అయిదు చూస్తాను. నా బతుకుతెరువు అదే. నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే పొత్తులు వేస్తోంది. దానికీ తెల్లదోమ తగులుకుంది. ఆకు అడుగున బూజులా, ఆకు పైన మసిలా.

పుస్తకాలు చూడటానికి బట్టీలకి వెళ్తుంటాను కాబట్టి పిక్క కొట్టే ఆడవాళ్ళు నాకు తెలుసు. మన తోటల పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి బస్తాలు దిగుతాయి. ఉడికించి ఆరబెట్టిన పిక్కని మిషను కత్తుల మధ్య పెట్టి, ఒక చేత్తో పట్టుకుని, కాలితో తొక్కితే డిప్ప రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు విరక్కుండా తియ్యాలి. విరిగితే గుండు కాస్తా బద్ద, దాని ధర వేరు. డిప్పలోని జీడినూనె చర్మాన్ని తినేస్తుంది. వేళ్ళకి ముందే ఆముదమో బూడిదో పూసుకుంటారు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోదు. కూలి కిలోల లెక్కన. ఒకావిడ, నా కంటే రెండేళ్ళు పెద్దదేమో, ఒక రోజు మిషను ఆపకుండానే అంది. "మా సిన్నదానికి పెళ్ళిసూపులొచ్చినప్పుడు నా సేతులు కొంగులో దాసుకుని కూకున్నాను బాబూ." కాసేపాగి, "నువ్వు మరి అంత దూరం ఎల్లినోడివి, ఎందుకొచ్చీసినావు?" అంది.

ఆవిడకి నేను చెప్పగలిగిన జవాబు లేదు. చెట్లు, నాన్న, గుడి గోపురం అంటే ఏమనుకుంటుంది? తిరిగి రావాలంటే ముందు వెళ్ళగలగాలి. వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకోగలగాలి. ఇక్కడ ఒక ఇల్లుండాలి. నాకు మూడూ ఉన్నాయి. అందుకే దీన్ని త్యాగం అని ఎవరైనా అంటే నాకు ఆ చేతులు గుర్తొస్తాయి.

ఇంకో మాట, మా ఆవిడ రాయమన్నది. నాది తిరిగిరావడం, తనది కాదు. తను విజయనగరం పిల్ల. పెళ్ళయ్యాక పద్నాలుగేళ్ళు హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. అక్కడ తను టీచరమ్మ. ఇక్కడికొచ్చాక ఫలానా వారి కోడలు. "నువ్వు ఇంటికొచ్చావు, నేను అత్తారింటికొచ్చాను. ఒకే రైల్లో దిగితే ఒకే చోటికి వచ్చినట్టా?" అని అడిగింది మొదటి సంవత్సరం. ఆ ఏడాదంతా మా ఇంట్లో పెద్దగా మాటల్లేవు. సాయంత్రం ఏడింటికి ఒక్కతే నడకకి వెళ్తే, వెనక్కొచ్చేలోగా ఆ కబురు పద్నాలుగు కిలోమీటర్ల అవతలున్న మా అమ్మకి చేరిపోయేది. మందుల షాపులో తలనొప్పి మాత్ర కొంటే "ఎవరికి?" అని అడిగేవారు. ఈ మాటకి హైదరాబాదులో కోపమొస్తుంది. ఇక్కడ కోపం తెచ్చుకుంటే, మర్నాడు వాళ్ళమ్మాయి కషాయం పట్టుకుని గుమ్మంలో ఉంటుంది. ఇప్పుడు ఆవిడ ఇంటి అరుగు మీద సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతోంది. ఇరవై మంది వస్తారు. వీధిలో నన్ను లెక్కల మేడంగారి భర్త అంటున్నారు. అలా అనిపించుకోడానికి ఆవిడకి పట్టిన మూడేళ్ళని నేను ఈ నాలుగు లైన్లలో చెప్పేశానని, ఇది చదివితే మళ్ళీ తగాదా వస్తుందని నాకు తెలుసు.

అమ్మాయి సంగతి తేలిక. బడిలో మొదటివారం దాని "లేదు"ని చూసి పిల్లలు నవ్వారు. నెల తిరిగేసరికి ఇంట్లో "నేదు" వినబడింది. దసరాకి కూకట్‌పల్లి నుంచి వచ్చిన స్నేహితురాలితో మాత్రం మళ్ళీ "లేదు" అంది. గుమ్మం దాటుతూ చెప్పు మార్చుకున్నంత సులువుగా.

భూముల ఫోన్ల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎక్కువ చెబితే రక్తపోటు వస్తుంది. 2023 ఏప్రిల్లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత కార్గో విమానాశ్రయం మాట బయల్దేరింది. దాని వెనకే రైతుల అభ్యంతరాలు, సభలు. ఇదే జిల్లాలో 2010 జులై 14న, సోంపేట బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దని పోరాడి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. ఆ సంగతి తెలియని గొంతులు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి "సార్, మీ తోట సెంటు ఎంత చెప్తారు?" అంటాయి. నాన్నకి ఫోనిస్తే ఒకటే అంటాడు. "మొక్కలింకా సిన్నవి."

ఇక మా చిన్నాన్న. నాన్నకి పినతండ్రి కొడుకు, తోట పక్క ఇల్లు. ఉద్దానం పేరు చెప్పగానే బయటివాళ్ళకి తట్టేది కిడ్నీల జబ్బే. ఎందుకొస్తోందో దశాబ్దాల పరీక్షల తర్వాత కూడా వైద్యులు తేల్చలేదు. నీరంటారు, ఎండలో పనంటారు, మందులంటారు. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మా చిన్నాన్నకి డయాలసిస్ మొదలైంది అంతకు ఏడాది ముందు. వారానికి రెండుసార్లు, సోమ, గురువారాలు. నాలుగు గంటలు మిషను మీద ఉన్నాక బస్సులో నిలబడి పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళడం ఎవరివల్లా కాదు. బంధువుల్లో నాకొక్కడికే కారుంది, హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పాత బండి.

అలా నేను తిరిగొచ్చిన పనేమిటో ఊరు తేల్చింది. నేను అనుకున్న వ్యాపారమూ కాదు, వ్యవసాయమూ కాదు.

ఎక్కించుకునేటప్పుడు ఆయన ఒక మనిషి, దించేటప్పుడు ఇంకో మనిషి. ఎక్కేటప్పుడు పాదాల మీద వేలు నొక్కితే గుంట పడుతుంది. దిగేటప్పుడు బట్టలు వదులవుతాయి. ముందు తూస్తారు, తర్వాత తూస్తారు, ఎంత నీరు తీశారో కాగితం మీద రాస్తారు. ఆ కాగితం నాకే ఇస్తాడు, లెక్కలవాణ్ణని. రోజుకి తాగాల్సిన నీరు చిన్నమ్మ ఒక స్టీలు చెంబులో గీత గీసి పెడుతుంది. మజ్జిగ, చారు, మాత్ర మింగే గుక్క, అన్నీ ఆ గీతలోనే. పొటాషియం కాబట్టి కొబ్బరినీళ్ళు నిషేధం. పనసతొనలు నిషేధం. యాభై ఏళ్ళు కొబ్బరి చెట్లెక్కి దింపిన మనిషి వేసవిలో బొండాల బండ్ల పక్కనుంచి వెళ్తున్నప్పుడు కిటికీ వైపు చూడడు, అద్దం మీద బల్లి ఉన్నట్టు డ్యాష్‌బోర్డు వైపే చూస్తాడు. ఒకసారి మాత్రం అన్నాడు. "ఆ బండోడు మరీ లేతకాయ కొడతన్నాడు. నీళ్ళు పుల్లగుంటాయి." చప్పుడు విని చెప్పాడు.

మొదటి ఏడాదంతా చిన్నమ్మ ఫోన్ చేస్తే ముందు ఒకే మాట వచ్చేది. "ఊళ్ళో ఉన్నావేటి బావూ?" ఉన్నాను చిన్నమ్మా అనేవాణ్ణి. సోమవారం అడిగేది, గురువారం మళ్ళీ అడిగేది. నేను ఎక్కడికీ వెళ్ళలేదని, వెళ్ళనని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ తర్వాత కారు సంగతి నసుగుతూ ఎత్తేది. అప్పుడే డీజిల్ డబ్బులు ఇవ్వబోయేది కూడా. నేను తీసుకోకపోతే సీటు మీద పనసగింజల మూట పెట్టి దిగిపోయేది.

మొన్న గురువారం ఇంకా తెల్లారలేదు, నాలుగున్నరకి ఫోన్ మోగింది.

"మిషను ఇయ్యాల ముందే ఖాళీ అవుతాదంట. అయిదుంపావుకి వచ్చీ. మొన్న ఆయనకి నడుము పట్టీసింది, ముందు సీటు ఎనక్కి వాల్చి తే. ఆ అద్దం కూడా తుడువు, దారి కనిపించక సస్తున్నాం" అని పెట్టేసింది.

తువ్వాలు పట్టుకుని కిందికి దిగాను. అద్దం మీద మంచు, దాని కింద వారం రోజుల దుమ్ము.